పందొమ్మిదో గేటు

మా వైపు కుండ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు దాన్ని ఎడమచేతి మీద నిలబెట్టి, కుడిచేతి వేలి మెటికతో ఒకసారి తడతారు. ఖంగుమంటే కుండ మంచిది. పొడిదగ్గులా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టు లెక్క. ఆ బీట కంటికి కనపడదు, వేలికి తగలదు. అయినా కుమ్మరి వాదించడు, ఇంకో కుండ తీసిస్తాడు. చెనిక్కాయ గింజ పట్టిందో లొట్టదో తెలియాలంటే చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తారు. టెంకాయనూ అంతే. అనంతపురం జిల్లాలో ఈ విద్య రాని ఆడమనిషిని నేను చూడలేదు. మేడిపండు గుట్టు విప్పిన వేమన సమాధి కూడా ఈ నేలమీదే, కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. పైన పటారం లోన లొటారం అనే మాట ఇక్కడ పలక పట్టే పిల్లలకూ తెలుసు.

అలాంటి సీమకు నీళ్లిచ్చే డ్యాం మీద ముప్పై మూడు గేట్లున్నాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని నిలిపిన గొలుసు లోపల్లోపల ఏమవుతున్నదో ఎవరి చెవికీ అందలేదు. 2024 ఆగస్టు 10, శనివారం రాత్రి అది తెగింది.

తుంగభద్ర డ్యాం హొసపేటె దగ్గరుంది. మేం ఇప్పటికీ హోస్పేటనే అంటాం. కర్ణాటకలో ఉన్న డ్యాం పోతే అనంతపురానికి ఏడుపెందుకని ఇక్కడెవరూ అడగరు. ఊరి బావి పక్కింటి పెరట్లో ఉంటే ఆ బావి సంగతి ఇంటిల్లిపాదికీ పట్టినట్టే ఇదీ. మాకు ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లు అటూఇటూ. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచీ మాకు నూరిపోశారు, మేమూ దాన్నో బిరుదులా మోస్తూ వచ్చాం. పడమటి కనుమలు రుతుపవనాన్ని అవతలే పిండేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనం కోస్తా దాటి ఇక్కడిదాకా వచ్చేసరికి ఊపిరి సన్నగిల్లుతుంది. మిగిలిన దారి నది ఒక్కటే. పెన్న ఉంది, కానీ అది చాలా ఏళ్లు పేరుకే నది. చిత్రావతీ అంతే. నిజంగా నీళ్లు తెచ్చే నది తుంగభద్ర, అది మా జిల్లా గుండా పారదు. కొండంచున కాలువ తవ్వి తెచ్చుకోవాల్సిందే.

ఆ కాలువ కోసం చూసిన ఎదురుచూపు తరాల నాటిది. 1876-78 నాటి కరువును మావాళ్లు ధాత కరువంటారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. మా ముసలివాళ్లు వయసును ఆ కరువుకు ముందా వెనకా అని చెప్పుకున్న రోజులుండేవి. తుంగభద్రను కట్టడి చేసి ఈ మెట్ట నేలకు తిప్పాలని సర్ ఆర్థర్ కాటన్ 1860 ప్రాంతంలోనే తలచాడు. తలపు కాగితం మీదినుంచి దిగడానికి ఎనభై అయిదేళ్లు పట్టింది. 1945 ఫిబ్రవరి 28న నదికి అటు హైదరాబాదు సంస్థానం తరఫున బీరారు యువరాజు ఆజం జా, ఇటు మద్రాసు తరఫున గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పునాదిరాయి వేశారు. ఒక నదికి రెండు ఒడ్లు, రెండు ప్రభుత్వాలు, రెండు పునాదిరాళ్లు. మద్రాసు వైపు పనికి ఇంజనీరు ఎం.ఎస్. తిరుమలై అయ్యంగారు. ఆ గోడలో రాళ్లను కలిపింది సిమెంటు కాదు, సున్నమూ సుర్కీ. కాల్చిన మట్టిని పొడిచేసి సున్నంలో కలిపితే వచ్చే గార అది. మన పాత ఇళ్ల మిద్దెలు నిలబడ్డది దానిమీదే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, డెబ్బై ఏళ్ల తర్వాత మోసం చేసింది ఆ సున్నం గోడ కాదు. అది ఇవాళ్టికీ నిలబడే ఉంది.

1952లో రాయలసీమ మళ్లీ కరువులో పడింది. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు, సైన్యం వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1953లో, తుంగభద్రలో నీళ్లు నిలిచాయి. గంజి గిన్నె పట్టుకున్న చేతులకు ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో ఇప్పుడు మనం ఊహించుకోవాల్సిందే. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. బళ్లారి ఎటు పోవాలన్న తగవులో బళ్లారి, హోస్పేట మైసూరుకు వెళ్లాయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు మిగిలాయి. రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిసింది. డ్యాం అవతలుండిపోయింది. అందరి ఆస్తీ కాబట్టి పెత్తనానికి తుంగభద్ర బోర్డు వచ్చింది.

ఎగువ కాలువను మేం హెచ్చెల్సీ అంటాం. డ్యాం కుడివైపున పుట్టి కర్ణాటకలో 105 కిలోమీటర్లు నడిచి బొమ్మనహాళ్ దగ్గర మన రాష్ట్రంలో అడుగుపెడుతుంది. అక్కడ దర్గా హొన్నూరు అనే ఊరుంది. హగరి నది ఇసుక గాలికి లేచి దిబ్బలు దిబ్బలుగా పొలాల మీద పేరుకునే ఊరు. కొత్తగా వచ్చినవాళ్లు ఎడారి చూడాలంటే ఇక్కడికి తీసుకొస్తాం. ఆ ఇసుక దిబ్బలకు కాస్త దూరంలోనే కాలువ పారుతుంది, కణేకల్లులో వరిమడులుంటాయి. ఒక చూపులోనే ఎడారీ, వరీ. అక్కడినుంచి ఉరవకొండ వైపు, పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకూ, పెనకచెర్ల దగ్గరి మిడ్ పెన్నార్‌కూ. అనంతపురం పట్నం తాగే నీళ్లు పెన్నహోబిలంవి. పట్నంలో కొళాయి తిప్పే మనిషి తిప్పుతున్నది ఒకరకంగా హోస్పేట గేటునే.

ఎగువ కాలువలో ఆంధ్ర వాటా 32.5 టీఎంసీలు. ఇది లెక్కల పుస్తకంలో మాట. డ్యాం నిండా నీళ్లున్నప్పటి మాట. కట్టిన కొత్తలో 132 టీఎంసీల పైచిలుకు పట్టిన డ్యాం ఇప్పుడు 105.79 టీఎంసీలే పడుతుందని సర్వేలో తేలింది. ఏటేటా కొట్టుకొచ్చే ఒండ్రు అడుగున పేరుకుంటూ పోయింది. అలా పూడిక మింగిన చోటు దాదాపు 27 టీఎంసీలు. ఎగువ కాలువలో మా వాటాకు అయిదారు తక్కువ, అంతే. ఆ పాత్ర సగటు మనిషి కంటికి ఇప్పటికీ సముద్రంలాగే కనిపిస్తుంది. లోపల ఎంత పూడిందో ఒడ్డున నిలబడి చూస్తే తెలియదు. ఈ కథలో ప్రతిదీ ఇంతే, పైకి తెలియదు.

ఇక గేట్ల సంగతి. ఒక్కో గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. నిండు డ్యాంలో నీటిమట్టం 1633 అడుగులు. అందులో పై ఇరవై అడుగుల నీళ్లను ఆపేది గోడ కాదు, ఈ ఉక్కు పలకలే. గేటును లేపడానికీ దించడానికీ గొలుసు, గొలుసుకు ఆ చివర సరితూకంగా పెద్ద దిమ్మె, కౌంటర్ వెయిట్. బావి మీద గిలకలాంటిదే, కాకపోతే రాక్షస గిలక.

ఆ గేట్ల పనితోనే హోస్పేటలో ఒక పెద్ద కార్ఖానా పుట్టింది. 1960లో రెండు రాష్ట్రాలూ కలిసి తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ అనే కంపెనీని పెట్టాయి, తర్వాత అది కేంద్రం చేతికి పోయింది. దేశంలో ఎన్నో డ్యాంలకు గేట్లు అక్కడే రూపుదిద్దుకున్నాయి. గేటు చప్పుడు విని దాని రోగం చెప్పగల మనుషులు ఆ షెడ్లలో పెరిగారు. తర్వాత ఆర్డర్లు తగ్గాయి, అప్పులు పెరిగాయి. ప్రభుత్వ కంపెనీల కథ ఎలా నడుస్తుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. 2015 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దాన్ని మూసేయడానికి ఒప్పుకుంది. డ్యాంకు కూతవేటు దూరంలో గేట్లు చేసే కార్ఖానా మూతపడింది. ఆ కొలిమి ఆరిన తొమ్మిదో ఏడు పందొమ్మిదో గేటు పోయింది. ఒకదానివల్లే ఇంకొకటి జరిగిందని నేను అనను. కానీ ఈ రెండు చావులనూ వేరువేరుగా ఏడవడం నాకు చేతకావడం లేదు.

ఆ రాత్రి డ్యాం నిండుగా ఉంది. ఆ ఏడు ఎగువన మలెనాడులో మంచి వానలు పడి ఆగస్టు మొదట్లోనే 105 టీఎంసీలకు చేరింది. కొన్ని గేట్లు కొద్దిగా ఎత్తి మిగులు నీళ్లు వదులుతున్నారు. మా జిల్లాలో రైతులు ఆ వార్త విని నారుమడి లెక్కలు వేసుకుంటున్న వేళ. రాత్రి పదకొండు దాటాక 19వ గేటు గొలుసు లంకె తెగింది. గేటు నిలబడలేదు, వరదలో కొట్టుకుపోయింది. అరవై అడుగుల ఖాళీలోంచి నీళ్లు ఎగిసి దూకడం మొదలైంది.

ఆ ఒక్క కంతలోంచి వెళ్లింది సెకనుకు 35,000 ఘనపుటడుగులు. లెక్క కట్టి చూస్తే రోజుకు మూడు టీఎంసీలు. మిడ్ పెన్నార్ పట్టేది అయిదు టీఎంసీలు అటూఇటూ. అంటే మా రిజర్వాయరు నిండా పట్టే నీళ్లు రెండు రోజుల్లోపే ఎవరికీ కాకుండా నదిలోకి పోతున్నాయన్నమాట. అంతకన్నా గుండె కోసే సంగతి మరొకటుంది. కంతను మూయాలంటే ముందు నీటిమట్టం దించాలి. దించాలంటే మిగతా గేట్లు కూడా ఎత్తాలి. ఉన్న నీళ్లను కాపాడటానికి ఉన్న నీళ్లనే పారబోయాలి. ఆదివారం పొద్దున్నుంచి టీవీల్లో ఆ దృశ్యమే. తెల్లగా, నురగలు కక్కుతూ, అందంగా కూడా ఉంది, అదే బాధ. ఆంధ్ర మంత్రులు నిమ్మల రామానాయుడు, ఉరవకొండ నుంచి గెలిచిన పయ్యావుల కేశవ్ డ్యాం దగ్గరికి వెళ్లారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వచ్చారు. అరవై టీఎంసీలు పోతాయన్నారు మొదట. పచ్చటి పంట కలలు అప్పటికే కళ్లలో ఉన్నవాళ్లు ఆ అంకె విని నోరెత్తలేకపోయారు.

పెద్ద డ్యాంలకు గేటు ముందు స్టాప్‌లాగ్ దించే ఏర్పాటుంటుంది. గేటుకు జబ్బు చేస్తే దాని ముందు తాత్కాలికంగా ఇనప పలకలు గాడుల్లోకి దించి నీళ్లు ఆపి మరమ్మతు చేసుకుంటారు. తుంగభద్రకు ఆ ఏర్పాటు మొదటినుంచీ లేదు. రోగి ఉన్నాడు, మంచం లేదు.

అప్పుడు పిలిచారు కన్నయ్యనాయుణ్ని. చిత్తూరు జిల్లా మనిషి, ఎనభైకి దగ్గరపడిన వయసు. మూతపడిన ఆ తుంగభద్ర స్టీల్‌లోనే గేట్ల పనిలో పండి రిటైరైన వాడు. కంపెనీని మూసేయగలిగారు గానీ ఆయన తలలోని విద్యను మూయలేకపోయారు. డ్యాం ఖాళీ అయ్యేదాకా ఆగనవసరం లేదు, పారే నీళ్లలోనే పలకలు దించుతానన్నాడు. అరవై అడుగుల పొడవున, నాలుగడుగుల ఎత్తున అయిదు పలకలు. కింద దూకుతున్న వరద, పైన క్రేనుకు వేలాడుతున్న ఉక్కు, మధ్యలో వేలెడు సందులో సరిపోవాల్సిన గాడి. ఆగస్టు 16న మొదటి పలక కూర్చుంది. పదిహేడుకల్లా అయిదూ కూర్చున్నాయి. డ్యాంలో 70 టీఎంసీలు అటూఇటుగా మిగిలాయి. కార్మికులు ఆ పలకల మీదే నిలబడి చేతులెత్తి అరిచారు. పై వానలు కరుణించి సెప్టెంబరులో డ్యాం మళ్లీ నిండింది. ఆ ఏడు గండం గట్టెక్కింది.

కథ అక్కడితో అయిపోతే ఇది విషాద గాథ ఎందుకవుతుంది.

గొలుసు లంకె ఎలా తెగుతుంది? నిన్న బాగుండి ఇవాళ తెగదు. ఇనుముకు కూడా అలసట ఉంది. ఎత్తిన ప్రతిసారీ, దించిన ప్రతిసారీ, వరద వణికించిన ప్రతిసారీ ఎక్కడో అతుకు దగ్గర వెంట్రుక కన్నా సన్నటి చీలిక పుడుతుంది. తుప్పు దానికి తోడవుతుంది. ఏళ్లు గడుస్తాయి. పైన రంగు కొట్టి ఉంటుంది, గ్రీజు పూసి ఉంటుంది. చూసేవాడికి గొలుసు గొలుసులాగే ఉంటుంది. చివరి పిడికెడు ఉక్కు మీద మొత్తం బరువు పడిన రోజున ఒక్క చప్పుడు, అంతే.

ఆ చీలికను ముందే పట్టే విద్యలున్నాయి. వస్తువును పగలగొట్టకుండా, కోయకుండా లోపలి సంగతి చెప్పించే విద్యలవి. నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ అంటారు, సైటు మనుషులు ఎన్డీటీ అనేస్తారు. మా జిల్లాకు ఇది కొత్తేమీ కాదు. గుంతకల్లు జంక్షన్‌లో బండి ఆగితే పొడుగు సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ టంగు టంగున కొడుతూ పోయే రైల్వే మనిషి పాతతరం ప్రయాణికులకు గుర్తుండే ఉంటాడు. చక్రం పగిలి ఉంటే గంట మోగదు. ఆయన చేసిందే ఎన్డీటీ. ఇప్పుడు సుత్తి బదులు మనిషి చెవికి వినపడని ధ్వనిని ఉక్కులోకి పంపుతారు. చీలిక ఉంటే ధ్వని మధ్యలోనే తగిలి వెనక్కొస్తుంది. ఇంకో పద్ధతిలో ఉక్కును అయస్కాంతంగా మార్చి ఇనప రజను చల్లుతారు, చీలిక ఉన్నచోట రజను ముగ్గు వేసినట్టు వరసకడుతుంది. పలక మందం కొలిచే చిన్న యంత్రం అరచేతిలో పడుతుంది. లంకెను గేటు నుంచి ఊడదీయకుండానే ఇందులో చాలా పని చేయొచ్చు.

కాంక్రీటుకైతే ఈ విద్య ఇంకా చిక్కు. ఎందుకంటే కాంక్రీటు ఉక్కులా ఒకే పదార్థం కాదు. కంకర, ఇసుక, సిమెంటు, లోపల కమ్మీలు, పోసినప్పుడు వైబ్రేటరు అందని మూలల్లో తేనెపట్టులాంటి బొక్కలు. స్విట్జర్లాండుకు చెందిన ష్మిట్ 1940ల చివర్లో చేసిన స్ప్రింగు సుత్తి దూలం మీద పెట్టి నొక్కితే అది ఎంత వెనక్కి తుళ్లిందో చూసి గట్టితనం చెబుతారు. అది చర్మం సంగతే చెబుతుంది. గుండె సంగతికి ధ్వని పంపాలి. దూలానికి ఇటుపక్క నుంచి అటుపక్కకు ధ్వని సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటి పరుగెత్తితే కాంక్రీటు అద్భుతంగా ఉందంది మన 1992 నాటి ఐఎస్ ప్రమాణం. మూడుకు తక్కువైతే అనుమానించమంది. బొక్క ఎదురైతే ధ్వని చుట్టూ తిరిగి రావాలి, ఆలస్యమవుతుంది. అచ్చం కుండ లెక్కే. మా ముసలమ్మ మెటికకు సెకన్లలో లెక్క తెలీదు, అంతే తేడా. లోపలి కమ్మీకి తుప్పు పట్టే వాతావరణం ఉందా లేదా అని విద్యుత్తుతో నాడి చూస్తారు. రాడారు పంపి కమ్మీలు ఎక్కడున్నాయో చూస్తారు. ఇన్ని చేసినా ఒక్కో పరీక్ష ఒక్కో అబద్ధం చెప్పగలదు, నాలుగు కలిపి చదివే అనుభవం ఉన్న మనిషి కావాలి. అలాంటి మనుషులే దొరకడం లేదన్నది నా అసలు బెంగ.

లోపలి రోగం పైకి చెప్పకుండా పడిపోయిన కట్టడాల జాబితా లోకంలో చిన్నదేం కాదు. వేల్స్‌లో ఇనిస్ ఇ గ్వాస్ అనే చిన్న వంతెన. తుంగభద్రలో నీళ్లు నిలిచిన 1953లోనే కట్టారు. దాని దూలాల లోపల బిగించిన ఉక్కు తీగలు అతుకుల దగ్గర తుప్పుపట్టి 1985 డిసెంబరు 4న కూలింది. ముందస్తు పగుళ్లు లేవు, వంగడం లేదు. దాని దెబ్బకు బ్రిటన్ 1992లో ఆ రకం కొత్త వంతెనలనే కొంతకాలం ఆపేసింది. గోవాలో మాండవి వంతెన 1986 జూలై 5న కూలింది, దానిలోనూ లోపలి తీగలే. 2018 ఆగస్టు 14న ఇటలీలో జెనోవా మోరాండీ వంతెన కూలి 43 మంది పోయారు. ఉక్కును కాపాడాలని చుట్టూ కాంక్రీటు తొడిగారు, ఆ తొడుగే తుప్పును కంటికి కనపడకుండా దాచింది.

మన కాలువల మీదా ఇలాంటిది జరిగింది. 2022 చివర్లో బళ్లారి దగ్గర వేదవతి మీది తుంగభద్ర దిగువ కాలువ అక్విడక్టు పిల్లరు ఒకటి దెబ్బతిని కాలువ ఆపేయాల్సి వచ్చింది. కర్నూలు వైపు ఆయకట్టుకు పోయే కాలువ అది. అప్పటి కర్ణాటక మంత్రి శ్రీరాములు పని అయ్యేదాకా అక్కడే పడుకున్నాడు. మంత్రి పడక గురించి పత్రికలు బాగా రాశాయి. ఆ అక్విడక్టు మిగతా పిల్లర్ల నాడి ఏమంటోందని అడిగిన వార్త మాత్రం నా కంటపడలేదు. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడు నవంబరు 19న అన్నమయ్య డ్యాం తెగింది, ఊళ్లు పోయాయి, మనుషులు పోయారు. 2022లో గుండ్లకమ్మ గేటు ఒకటి, మరుసటి ఏడు ఇంకొకటి. ప్రతిసారీ ఒకే వరస. తెగడం, పరుగెత్తడం, ఇసుక బస్తాలు, నిపుణుడు, సన్మానం, మరుపు.

తుంగభద్రకు ఈసారి మరుపు కుదరలేదు. నిపుణుల కమిటీ మొత్తం 33 గేట్లూ మార్చాల్సిందేనంది. ఇలాంటి గేటు ఆయుష్షు నలభై అయిదేళ్లంటారు, వీటికి అప్పటికే డెబ్బై దాటాయి. అప్పుడు చేశారు పరీక్షలు, ఒక్కో గేటు మీదా యంత్రాలు పెట్టి. ఉక్కు పలకలు తుప్పుకు బాగా అరిగి మందం తరిగిపోయాయని తేలింది. 2025 ఆగస్టులో మరికొన్ని గేట్లు వంకరపోయి ఎత్తడానికే రావడం లేదని కర్ణాటక మంత్రి శివరాజ్ తంగడగి చెప్పాడు. పడిపోయిన గేటు ఒక్కటే రోగిష్టిదని అనుకున్నవాళ్లకు అర్థమైంది, అది ముందుగా పోయిందంతే. పక్కనున్నవన్నీ అదే మంచం మీద ఉన్నాయి. ఆ యంత్రాలు అరచేతిలో పట్టేవి. పదేళ్ల ముందూ ఉన్నాయి. పలకల మందం అప్పుడూ చెప్పి ఉండేవి.

దీని ఫలితాన్ని మొదట అనుభవించింది మా కాలువ చివరి మడి. అరిగిన గేట్ల మీద నిండు నీళ్ల బరువు పెట్టలేక 2025లో డ్యాంను 80 టీఎంసీలు దాటనివ్వలేదు. పూడిక మింగిన 27 టీఎంసీలకు ఇది అదనం. కొత్త గేట్లు బిగించాలంటే నీళ్లు 1613 అడుగుల కిందికి, అంటే గేటు గడప కిందికి దిగాలి. అందుకని 2025-26లో రెండో పంటకు నీళ్లివ్వలేమని తేల్చారు. కణేకల్లులో, బొమ్మనహాళ్‌లో రబీ వరి మాట ఎత్తేవాళ్లు లేకపోయారు. మిరప వేసినవాళ్లు బోర్ల వైపు చూశారు. బోర్లంటే మా జిల్లాలో ఏమిటో తెలిసినవాళ్లకు ఆ చూపు సంగతి చెప్పనక్కర్లేదు.

డ్యాం గేట్ల విద్య నేర్పిన ఆ కార్ఖానా ఆవరణ ఎనభై ఎకరాల పైచిలుకు. మూసివేత నిర్ణయంతో ఆ స్థలం కర్ణాటక ప్రభుత్వానికి పోయింది. ఆ షెడ్లలో లంకెల అతుకులు తట్టి చూసిన చేతులు ఎక్కడెక్కడికో చెదిరిపోయాయి. ఒకాయన మాత్రం ఎనభైకి దగ్గరపడ్డ వయసులో మళ్లీ డ్యాం మీదికొచ్చి నిలబడ్డాడు, అది మన అదృష్టం. 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను పడవలు గుద్దితే అక్కడికీ ఆయన్నే పిలిచారు. ఇన్ని కోట్ల జనంలో పిలవడానికి ఒక్క పేరే గుర్తొచ్చింది.

2025 వానాకాలమంతా పందొమ్మిదో కంతలో గేటు లేదు. కన్నయ్యనాయుడు దించిన ఆ అయిదు పలకలే నిలబడ్డాయి. ఆ ఏడు తుంగభద్రకు వరద ముందుగానే, బాగానే వచ్చింది. 80 టీఎంసీల గీత దగ్గర ఆపి, మిగతా నీళ్లన్నీ నదిలోకి వదిలేశారు.